పాండురోగము, ప్రేగులలోని సూక్ష్మజీవులు



మనుష్యుని ముఖము తెల్లబారి, గోళ్లు పాలిపోయి, నాలుగడుగులు వేసినంతనే ఆయాసము వచ్చుచుండినయెడల "ఒంటిలో నెత్తురు లేదు" అని మన పెద్దలు చెప్పుదురు. వైద్యగ్రంథములు దీనినే పాండురోగమనుచున్నవి. క్యాన్సరు, అనగా మన పల్లెలలో రాచపుండనియు పుట్టకురుపనియు పిలుచుచు వచ్చిన వ్యాధి, సోకినవారిలో ఈ పాండురోగము మిక్కిలి తరచుగా కానవచ్చును. పుండునుండి నెత్తురు కారుటచేత కొందరికి, ఆహారము సయింపక కొందరికి, మందుల తీక్ష్ణతచేత కొందరికి ఇది కలుగును. ఈ కారణములు ఎవరైనను ఊహింపదగినవే. కాని వీని నడుమ కంటికి కానరాని పాత్రధారి మఱియొకటి గలదు. మన ప్రేగులలో కాపురముండు సూక్ష్మజీవుల సమూహమే యది.

ఆ జీవులకును మన నెత్తురునకును గల సంబంధము సుమారు నూటయేబది సంవత్సరములలో ఎట్లు తెలియవచ్చినదో, ఆ కథలో మన భీమవరమున పుట్టిన మహనీయుడొకడు ఎట్టి స్థానము నాక్రమించెనో చెప్పుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము. నేను వైద్యుడను గాను. చిరకాలము బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. చరిత్ర చదువువానిగా మాత్రమే మీ యెదుట మాటలాడుచున్నాను.

చరకసంహితలో చికిత్సాస్థానమున పదునైదవ అధ్యాయము గ్రహణీరోగమును, పదునాఱవ అధ్యాయము పాండురోగమును చెప్పుచున్నవి. మన్ను తినుటవలన కలుగు పాండురోగమొకటి యందు వేరుగా పేర్కొనబడినది. ఇనుపచిట్టెమగు మండూరముతో కూడిన మందులును అందు కలవు. మన పూర్వులకు సూక్ష్మజీవులు తెలియునని నేను వాదింపను. లేనిదానిని కలదని చెప్పుట పూర్వులకు గౌరవము గాదు. ప్రేగు చెడుటకును దేహవర్ణము చెడుటకును పొత్తు కలదని వారు కనిపెట్టియుండిరని మాత్రము ఆ గ్రంథమును చదివినవారికి తోచును. ఆ పొత్తునకు కారణము తెలియుటకు సూక్ష్మదర్శని కావలసివచ్చినది.

ముందుగా నెత్తురు పుట్టు విధమును కొంచెము తెలిసికొందము. నెత్తురులోని ఎఱ్ఱకణములు ఎముకలలోని మూలుగయందు పుట్టుచున్నవి. ఒక్కొక్క కణమునకు ఆయుర్దాయము సుమారు 120 దినములు. పాతవి రాలుచుండ కొత్తవి పుట్టుచుండవలెను గనుక మూలుగ యను ఈ కొలిమి ఒక్కనాడైనను చల్లారరాదు. ఈ కొలిమికి ముఖ్యముగా కావలసిన సరకులు మూడు: ఇనుము, ఫోలికామ్లము, బీ 12 విటమిను. మూడును ఆహారముతో వచ్చి, ప్రేగు గోడను దాటి, నెత్తురులో ప్రవేశింపవలసినవే. కావున ప్రేగు పొలిమేరలోని సుంకపుఠాణా వంటిది. ఆ ఠాణాయొద్ద గుమిగూడియుండు జనసమూహమే సూక్ష్మజీవులు. పెద్దప్రేగులో వీని సంఖ్య అపారము, చిన్నప్రేగులో స్వల్పము. ఈ భేదమును దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో మనకు పని యున్నది.

1855 సంవత్సరమున లండనులో థామస్ అడిసన్ అను వైద్యుడు తన గ్రంథములో ఒక విచిత్రమైన పాండురోగమును వర్ణించెను. నెత్తురు కారుట లేదు. ఏ పుండును లేదు. అయినను రోగి క్రమముగా పాలిపోయి మరణించును. దీనికి ప్రాణాంతక పాండురోగమని పేరు వచ్చినది. కారణము తెలియక సుమారు డెబ్బది సంవత్సరములు వైద్యలోకము తడవులాడెను. ఆ కాలముననే సూక్ష్మజీవులు రోగకారకములని పాశ్చరు మున్నగువారు నిరూపించిరి గనుక, ప్రతిరోగమునకును సూక్ష్మజీవియే కారణమను నమ్మకము ప్రబలెను. లండనులోనే విలియం హంటర్ అను వైద్యుడు 1900 ప్రాంతమున, పాచిపట్టిన పండ్లనుండియు చెడిన ప్రేగునుండియు పుట్టు విషమే ఈ పాండురోగమునకు మూలమని వాదించెను. 1908లో నోబెలు బహుమానము పొందిన మెచ్నికాఫ్ పెద్దప్రేగులో క్రుళ్లుటవలన ముదిమి త్వరపడి వచ్చుననియు, పెరుగులోని సూక్ష్మజీవులు దానిని వారింపగలవనియు బోధించెను. మనవంటి పెరుగన్నపు దేశమువారికి ఈ మాట వినసొంపుగానే యుండును. కాని ఈ యభిప్రాయమును అతిగా పట్టుకొని, మలబద్ధమునకే పెద్దప్రేగును కోసివేసిన శస్త్రవైద్యులును ఇంగ్లండులో ఉండిరి. నేరము రుజువు కాకమున్నే శిక్ష విధించినట్లయ్యెను.

ఆ గందరగోళములో నిజమైన ఆధారమొకటి డెన్మార్కు దేశమున దొరకెను. 1890 దశాబ్దమున క్నూడ్ ఫేబర్ అను వైద్యుడు చిన్నప్రేగు అక్కడక్కడ ఇరుకైన రోగియందు ఇట్టి పాండురోగమునే కనుగొనెను. ఇరుకైనచోట ఆహారము నిలిచిపోవును; నిలువనీటిలో నాచు పట్టినట్లు అచ్చట సూక్ష్మజీవులు పెరుగును. ఈ పరిశీలన యొక్క విలువ ఆనాడు పూర్తిగా బోధపడలేదు. అరువది సంవత్సరముల తరువాత బోధపడినది.

ఇంతలో మార్గము మఱియొక వైపునుండి తెఱచుకొన్నది. అమెరికాలో విపుల్ అను శాస్త్రజ్ఞుడు నెత్తురు తీసి పాలిపోవునట్లు చేసిన కుక్కలకు కాలేయము పెట్టగా అవి త్వరగా కోలుకొనెను. ఇది చూచి 1926లో బోస్టను నగరమున మైనట్, మర్ఫీ అను వైద్యులు 45 మంది ప్రాణాంతక పాండురోగులకు ప్రతిదినము విస్తారముగా కాలేయము తినిపించిరి. మరణము తప్పదనుకొన్నవారు లేచి తిరిగిరి. ఈ మువ్వురికిని 1934లో నోబెలు బహుమానము లభించెను. 1929లో అదే నగరమున విలియం కాసిల్ అను వైద్యుడు, ఆరోగ్యవంతుని జఠరమునుండి ఊరు ఒక ద్రవ్యము లేనిదే ఆహారములోని ఒక సారము ప్రేగులో ఇంకదని నిరూపించెను. పంటకు నీరున్నను తూము లేనిదే పొలములోనికి పాఱదు గదా. ఆ తూము జఠరమున నున్నది. ఈ సంగతిని క్యాన్సరు ప్రసంగమునకు వచ్చునప్పుడు తలచుకొందము.

ఇక మన దేశమునకు వత్తము. 1928లో లూసీ విల్సు అను ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చి, హాఫ్‌కిన్ సంస్థయందు పని ప్రారంభించెను. ఆనాడు ఆ నగరమున బీదకుటుంబముల గర్భిణీస్త్రీలు తీవ్రమైన పాండురోగముచే బాధపడుచు మరణించుచుండిరి. ఆమె వారి భోజనమును విచారించెను. అది మిక్కిలి కొఱతగా నుండెను. ఎలుకలపైనను కోతులపైనను పరీక్షలు చేసి, చవుకగా దొరకు ఈస్టుసారమగు మార్మైటును రోగులకు ఇచ్చి చూచెను. ఆ స్త్రీల నెత్తురు కొలదిదినములలోనే వృద్ధిపొందెను. ఈ ఫలితమును ఆమె 1931లో ప్రకటించెను. ఆ ఈస్టులోని గుణకారి ద్రవ్యము ఏదియో తెలియదు గనుక దానిని కొంతకాలము విల్సు ద్రవ్యమనుచుండిరి.

ఆ ద్రవ్యమును పట్టి యిచ్చినవారు ఎవరు? సూక్ష్మజీవులే. పాలయందు పెరుగు కొన్ని సూక్ష్మజీవులు ఈ ద్రవ్యము లేనిచో వృద్ధిపొందలేవు. ఏ పాత్రలో అవి బలిసిన, ఆ పాత్రలో ద్రవ్యమున్నట్లు. ఇట్లు అవి శాస్త్రజ్ఞుల చేతిలో త్రాసులయ్యెను. 1941లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఈ ద్రవ్యమును స్వల్పముగా తీయగలిగిరి. లాటినులో ఫోలియమనగా ఆకు. కావున ఫోలికామ్లమని పేరిడిరి. నాలుగు టన్నుల ఆకునుండి రవ్వంత మందు వచ్చిన లోకమునకు చాలదు. దానిని పరిశోధనశాలలో చేయగల ఉపాయము కావలెను. ఆ యుపాయమును కనుగొన్న బృందమునకు నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వారు 1895 జనవరి 12వ తేదీని భీమవరమున జన్మించిరి. చదువునందు పలు ఆటంకములు పొందిరి; మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదు. వారు యువకులుగా నున్నపుడే ఇద్దరు సోదరులు గ్రహణీరోగముచే కొద్దిదినముల యెడములో మరణించిరి. ఆంగ్లవైద్యులు స్ప్రూ అనునది యిదియే. ప్రేగు ఆహారసారమును గ్రహింపజాలక, విరేచనములై, దేహము పాలిపోయి రోగి క్షీణించును. సుబ్బారావుగారికిని ఆ వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రతికి బయటపడిరి. తరువాత అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పెక్కేండ్లు శ్రమించి, 1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరిరి. 1945లో వారి బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసినట్లు ప్రకటించెను. ఆ వెంటనే టామ్ స్పైస్ అను వైద్యుడు దానిని గ్రహణీరోగుల కిచ్చి, వారి నెత్తురు బాగుపడుట చూపెను. అదే పరిశోధనశాలలో డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు, ఆచార్యపదవినుండి విరమించిన తరువాత డెబ్బది దాటిన వయస్సున, మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిను అను మందును కనుగొనెను. అది 1948లో వెలువడెను. ఆ తెగకు చెందిన టెట్రాసైక్లినును ఫోలికామ్లమును కలిపి యిచ్చుటయే ఉష్ణదేశపు గ్రహణికి తరువాత స్థిరపడిన చికిత్స. చిన్నప్రేగులో మితిమీఱిన సూక్ష్మజీవులను మొదటిది అణచును. కొలిమికి రెండవది సరకిచ్చును. సోదరులను కబళించిన వ్యాధికి మందులు రెండును ఆయన పరిశోధనకు నాయకత్వము వహించిన చోటనే వెలువడినవి. ఇది కవికల్పన గాదు, చరిత్ర.

ఇచ్చట కథ క్యాన్సరువైపు తిరుగుచున్నది. బోస్టను నగరపు బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలను చూచుచుండెను. ఆ పిల్లలు తెల్లగా పాలిపోయి యుందురు. ఫోలికామ్లము మూలుగకు బలము గదా యని తలంచి, ఆ జాతి ద్రవ్యములను ఇచ్చి చూచెను. వ్యాధి తగ్గుటకు మాఱుగా త్వరపడి పెరిగెను! నెత్తురునకు మేతయైనది క్యాన్సరునకును మేతయయ్యెను. ఇది 1947 నాటి మాట. ఫార్బరు దీనినుండి విపరీతమైన ప్రశ్న వేసెను: మేతను ఆపినచో? సుబ్బారావుగారి బృందము ఫోలికామ్లమునకు వేషము వేసిన శత్రువువంటి అమినాప్టెరిను అను ద్రవ్యమును చేసి యిచ్చెను. కణము దానిని నిజమైన మేత యనుకొని పుచ్చుకొని పని చెడగొట్టుకొనును. 16 మంది పిల్లలకు ఇయ్యగా 10 మందిలో వ్యాధి కొంతకాలము తగ్గినది. 1948 జూనులో ఈ ఫలితము ప్రకటింపబడెను. ఆ ఉపశమనము తాత్కాలికమే. కాని పిల్లలకు సోకు రక్తపు క్యాన్సరు మందునకు లొంగునని లోకమునకు మొదట తెలిసినది దానివలననే. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ మందునకు తమ్ముడైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. అది మేలు చేయుచునే మూలుగను, ప్రేగులోపలి పొరను కూడ నొప్పించును. కనుకనే చికిత్సలో నున్న రోగికి పాండురోగమును, నోటిపూతయు కలుగుచుండును.

ఫోలికామ్లము వెలువడిన కొత్తలో మఱియొక పాఠమును వైద్యులు నేర్చుకొనిరి. ప్రాణాంతక పాండురోగికి అది యిచ్చినచో నెత్తురు బాగుపడెను గాని, కాళ్లు తిమ్మిరులెక్కి నరములు చెడుట ఆగలేదు. కాలేయములోని గుణము వేఱని స్పష్టమైనది. 1948లో అమెరికాలోను ఇంగ్లండులోను ఆ గుణకారి ద్రవ్యము ఎఱ్ఱని స్ఫటికములుగా చేజిక్కెను. అదియే బీ 12. దాని నిర్మాణమును డొరోతీ హాడ్జ్‌కిన్ అను విదుషి 1956 నాటికి తేల్చి, 1964లో నోబెలు బహుమానము నందెను.

ఈ బీ 12ను చెట్టు చేయదు, పశువు చేయదు, మనుష్యుడును చేయడు. సూక్ష్మజీవులే చేయును. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు చేసినది పాలలోనికి వచ్చి మనకు దక్కుచున్నది. మన పెద్దప్రేగులోని జీవులును దీనిని చేయును. కాని అది నెత్తురులోనికి ఇంకుచోటు చిన్నప్రేగు చివర నున్నది. కాలువ దిగువనున్న నీరు ఎగువ చేనికి ఎక్కదు గదా. 1980లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల పరిశోధకులు దక్షిణభారతీయుల చిన్నప్రేగులోనే బీ 12ను చేయు సూక్ష్మజీవులు కొన్ని కలవని చూపిరి. కావున సూక్ష్మజీవి దాత కాగలదు.

అదియే దొంగయు కాగలదు. 1881లో వియన్నా నగరమున బిల్‌రోత్ అను శస్త్రవైద్యుడు క్యాన్సరు సోకిన జఠరభాగమును కోసి, మిగిలినదానిని ప్రేగుతో కలిపి కుట్టి, జయము పొందెను. నాటినుండి ఎందఱో ఈ శస్త్రచికిత్సవలన బ్రతికిరి. కాని జఠరము పోయినవానికి కాసిల్ చెప్పిన తూము పోయినట్లే. కాలేయములో నిలువయున్న బీ 12 కొన్ని సంవత్సరములు వచ్చును. అది తఱిగిన తరువాత, క్యాన్సరు నయమైనదని అందఱును మఱచియున్నపుడు పాండురోగము మెల్లగా ప్రవేశించును. అదిగాక, కొన్ని విధముల శస్త్రచికిత్సలలో ప్రేగుయొక్క ఒక ముడుపు ప్రవాహమునకు ప్రక్కగా మిగిలిపోవును. ఆహారము నిలిచినచోట సూక్ష్మజీవులు పెరిగి, రోగికి దక్కవలసిన బీ 12ను తామే భుజించును. ఫేబరు చూచిన ఇరుకుప్రేగు రహస్యమిదియే. 1950 దశాబ్దమున ఇట్టివారికి సూక్ష్మజీవులను అణచు మందులీయగా బీ 12 మరల ఇంకుట కానవచ్చెను.

జఠరములోనే నివసించు హెలికోబాక్టరు అను సూక్ష్మజీవిని 1982లో ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అను వైద్యులు పట్టుకొనిరి. 2005లో వారికి నోబెలు బహుమానము వచ్చెను. ఇది జఠరములో పుండ్లు కలిగించును. ఇనుము ఇంకుటకు అడ్డుపడును. కొందఱికి జఠరపు క్యాన్సరునకును కారణమగును. ఇది యున్నవారిలో అత్యధికులకు క్యాన్సరు రాదనునదియు మఱవరాదు.

ఇనుము కథ ఇంకొకటి మిగిలినది. క్యాన్సరు రోగికి దేహములో ఇనుమున్నను నెత్తురు పుట్టకపోవుట కలదు. దీనికి కారణము 2000 సంవత్సర ప్రాంతమున తెలియవచ్చినది. రోగపు తాపముచేత కాలేయము హెప్సిడిను అను ద్రవ్యమును అధికముగా విడుచును. అది ఇనుమును గాదెలో పెట్టి తాళము వేయును. గాదె నిండుగా నుండగనే యిల్లు పస్తున్నట్లు. ఇక ప్రేగుసూక్ష్మజీవుల పాత్రను గూర్చి ఎలుకలపై పరిశోధనలు జరుగుచున్నవి. దీర్ఘకాలము యాంటీబయోటికులిచ్చి ఆ జీవులను నశింపజేసిన ఎలుకల మూలుగలో రక్తకణములకు తల్లులైన కణములు తగ్గినవని 2017లో ప్రకటించిరి. ప్రేగులోని కొన్ని జీవులు విడుచు ద్రవ్యములు ఇనుము ఇంకుటను తగ్గించునని 2020లో చూపిరి. ఎలుకయందు తేలినది మనుష్యునియందు తేలినట్లు గాదు. అయినను, పోషించునదియు అపహరించునదియు ఒకే సమూహమను పాతసత్యము మరల మరల బయటపడుచున్నది.

ఈ చరిత్రనుండి మన యింటికి కావలసినది ఏమి? పాండురోగము ఒక్కటి గాదు. ఇనుము లేమి వేఱు. ఉన్న ఇనుమునకు తాళము పడుట వేఱు. బీ 12 లేమి వేఱు. ఫోలికామ్లపు లేమి వేఱు. ఏది లోపించినదో తెలియక "రక్తము పట్టు మందు" అని అంగడిలో దొరకినదెల్ల క్యాన్సరు రోగికి త్రాగించుట మంచిది గాదు. బోస్టను పిల్లల కథ మనకిచ్చు హెచ్చరిక యిది. జఠరము తీసివేయబడినవారు తమకు ఎంత ఆరోగ్యమున్నను బీ 12 సంగతి వైద్యునితో జీవితాంతము చెప్పుకొనుచుండవలెను. పెరుగు మంచి ఆహారమే. కాని క్యాన్సరు మందులు పుచ్చుకొనుచు తెల్లకణములు తగ్గినవారు, సూక్ష్మజీవులు గల మందుపొడులను వైద్యు నడుగక తినరాదు. యాంటీబయోటికులను పప్పుబెల్లములవలె వాడరాదు.

చివరకు మన యీడువారికి ఒక మాట. అఱువదేండ్లు దాటినవాడు కారణము లేకయే పాలిపోయినచో "ముసలితనము" అని ఊరకుండుట తగదు. ఇనుము లేమిగా తేలినచో, ప్రేగులో ఎచ్చటనో గుప్తముగా నెత్తురు కారుచుండవచ్చును. ప్రేగు క్యాన్సరునకు అదియే మొదటి గుర్తు కావచ్చును. వేళకు తెలిసినచో అది కుదురుటకు అవకాశము మెండు. ఇంటిలో ఎవరి ముఖమైన తెల్లబారినపుడు, మందు కొనుటకు ముందు నెత్తురు పరీక్ష చేయింపుడు. కారణము తెలియువఱకు విడువకుడు. సెలవు.